గోదావరి దాటితే నేరం కాదు

మా తాతమ్మ పెళ్ళి విదేశంలో జరిగింది.

ఈ మాట ఆఫీసులో చాలాసార్లు చెప్పాను. ఎవరైనా డెస్టినేషన్ వెడ్డింగ్ అని బాలీయో థాయ్‌లాండో వెళ్తున్నారంటే, "అదేం గొప్ప, మా తాతమ్మ 1930ల్లోనే ఫ్రాన్సులో పెళ్ళి చేసుకుంది" అనేవాణ్ణి. అందరూ ఇటు తిరిగాక అసలు సంగతి చెప్పేవాణ్ణి. ఫ్రాన్సంటే యానాం. కోనసీమ వైపు ఎదుర్లంక రేవులో పడవెక్కి గౌతమి దాటితే వచ్చే అవతలి ఒడ్డు. ఇప్పుడక్కడ బాలయోగి పేరుతో పెద్ద వంతెన ఉంది, కార్లో వెళ్తే పాట పూర్తయ్యేలోపు దాటేస్తాం. అప్పుడు మాత్రం అది సరిహద్దు. ఇవతల ఇంగ్లీషు దొర, అవతల ఫ్రెంచి దొర. మా వాళ్ళు పెళ్ళికూతుర్ని, పెళ్ళికొడుకుని, పురోహితుణ్ణి, సన్నాయి మేళాన్ని, లడ్డూల బుట్టల్ని పడవల్లోకి ఎక్కించి తీసుకెళ్ళి, మూడు ముళ్ళూ వేయించి, మర్నాడు మళ్ళీ తీసుకొచ్చేశారు. ఇక్కడికొచ్చేసరికి అందరూ నవ్వేవాళ్ళు.

ఒకసారి టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అప్పుడు ఆవిడకి ఎన్నేళ్ళు?" అని అడిగింది.

తొమ్మిది.

ఆ అంకె నాకు ఎప్పటినుంచో తెలుసు. కథ చెప్పేటప్పుడు అది నోటికి రాలేదు, అంతే. ఎందుకు రాలేదు అని ఆలోచించడం మొదలుపెట్టాక, నేరం అనే మాట మీద నాకున్న నమ్మకాలు ఒక్కొక్కటిగా కదిలాయి. ఈ వ్యాసం ఆ కదలిక గురించే.

*

ముందు చట్టం సంగతి. హరబిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో పాసై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన వాళ్ళ నోట అది శారదా చట్టం. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. శిక్ష నెల రోజుల సాధారణ ఖైదు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చేయించిన తండ్రికీ వర్తిస్తుంది, తంతు నడిపించిన పురోహితుడికీ వర్తిస్తుంది. ఆడవాళ్ళకి మాత్రం ఖైదు వేయకూడదు.

ఇందులో రెండు విచిత్రాలున్నాయి. పెళ్ళి చేయడం నేరమే గానీ, అయిన పెళ్ళి చెల్లుతుంది. నేరం చేసిన వాడికి జరిమానా పడ్డా, నేరం మాత్రం ఆ పిల్ల మెళ్ళో జీవితాంతం ఉంటుంది. రెండోది, పోలీసులు వాళ్ళంతట వాళ్ళు వచ్చి పట్టుకోరు. ఎవరో ఒకరు ఏడాదిలోపు కోర్టుకెళ్ళి ఫిర్యాదు చేయాలి. ఊరంతా భోంచేసి తాంబూలం తీసుకున్న పెళ్ళి మీద ఎవడు ఫిర్యాదు చేస్తాడు?

అయినా వెయ్యి రూపాయలంటే ఆ రోజుల్లో మాటలు కాదు. భయం ఉండేది. ఆ భయానికి గోదావరి జిల్లాల వాళ్ళు కనిపెట్టిన ఉపాయం యానాం. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. హిందువుల పెళ్ళిళ్ళ విషయంలో ఫ్రెంచి వాళ్ళు జోక్యం చేసుకోకుండా ఆచారానికే వదిలేశారు. శారదా చట్టం అక్కడ చెల్లదు. దాంతో ముహూర్తాల రోజుల్లో యానాం రేవు పెళ్ళిపడవలతో కిటకిటలాడేది. ఆ ఊరికి కళ్యాణపురం అని ఇంకో పేరు వచ్చింది. ఇప్పటికీ యానాం చరిత్ర రాసేవాళ్ళు ఈ పేరును ముచ్చటగానే చెప్తారు, నేను ఆఫీసులో చెప్పినట్టే.

ఏటి నీళ్ళు మారవు, పిల్ల వయసు మారదు, మంత్రాలు మారవు. ఈ గట్టున నేరం, ఆ గట్టున శుభకార్యం. నేరమంటే ఏమిటి అని అడిగితే, మా వాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేదన్నమాట: పడవ ఎక్కకుండా చేసే పని.

*

తెలుగులో ఈ బాపతు మాటలు చాలానే ఉన్నాయి. తప్పు, పాపం, దోషం, అపరాధం, ద్రోహం, నేరం. వీటిని మనం కలగాపులగంగా వాడతాం గానీ, ప్రతి మాటకీ వేరే న్యాయస్థానం ఉంది. పాపానికి శిక్ష వేసేవాడు దేవుడు. దోషానికి శాంతి చేయించుకుంటాం. ద్రోహం నమ్మినవాడికి జరుగుతుంది. తప్పు ఇంట్లోనూ ఊళ్ళోనూ తేలుతుంది. పల్లెల్లో తప్పు అంటే చేసిన పనే కాదు, దానికి కట్టే డబ్బు కూడా. కులపెద్దలు 'తప్పు వేశారు' అంటే జరిమానా వేశారని. అపరాధం కూడా అంతే, అపరాధ రుసుము అని బిల్లుల మీద ఇప్పటికీ చూస్తాం. చేసిన పనికీ దాని ఖరీదుకీ ఒకటే మాట!

నేరం పక్కన నిఘంటువులో నేరమి అని పాత మాట ఉంటుంది. చేతకానితనం, తెలియనితనం అని అర్థం. 'చేయనేరను' అంటాం కదా, ఆ నేరకపోవడం. వ్యుత్పత్తి తేల్చే పని భాషావేత్తలది, నేను ఆ జోలికి పోను. కానీ తెలియకపోవడం, నేరం చేయడం ఇంత దగ్గరి ఇళ్ళల్లో కాపురముండటం మాత్రం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది.

పదమూడో శతాబ్దంలో కేతన అని ఒక కవి ఉన్నాడు. తిక్కన శిష్యుడు. తెలుగులో మొట్టమొదటి ధర్మశాస్త్ర గ్రంథం ఆయన రాసిన విజ్ఞానేశ్వరీయమే. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను తెలుగు పద్యాల్లో చెప్పాడు. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు కాండలు. అంటే ఎలా బతకాలి, తగువు వస్తే ఎలా తేల్చాలి, తప్పు చేస్తే ఎలా కడుక్కోవాలి, మూడూ ఒకే పుస్తకంలో. అందులో నేరానికీ పాపానికీ మధ్య గోడ లేదు. చేసిన పని ఒకటే అయినా, చేసినవాడి వర్ణాన్ని బట్టి శిక్ష మారిపోతుంది. అదే కేతన దశకుమారచరిత్ర కూడా రాశాడు. అందులో అపహారవర్మ అనే రాజకుమారుడు చంపానగరంలో పిసినారుల ఇళ్ళకి కన్నాలు వేస్తాడు, మనం చదివి ఆనందిస్తాం. ఒకే చేత్తో దొంగలకి శిక్షలు రాసి, దొంగని నాయకుణ్ణి చేసిన కవి మనకి దొరకడం అదృష్టమే. కాకపోతే ఆ దొంగ రాజుగారి వర్గం వాడు. ఏ కులమూ లేని దొంగ అయితే కథ ఇలా నడిచేదా అన్నది వేరే ప్రశ్న.

ఈ పాత వ్యవస్థ మీదికి 1860లో ఇండియన్ పీనల్ కోడ్ వచ్చి పడింది. మెకాలే 1837లోనే చిత్తుప్రతి తయారుచేశాడు, 1862 జనవరి 1న అమలైంది. 511 సెక్షన్లు. బ్రాహ్మడు చేసినా మాలవాడు చేసినా దొంగతనం దొంగతనమే అని పుస్తకంలో రాసి పెట్టారు. ఇది చిన్న సంగతి కాదు. వలసవాదుల చట్టం అని కొట్టిపారేసే ముందు, కులాన్ని బట్టి శిక్ష మారకూడదన్న ఈ ఒక్క వాక్యం ఎవరికి ఎంత విలువైనదో ఆలోచించాలి.

కానీ ఆ వాక్యం ఎంతకాలం నిలిచింది?

*

1871లో, అంటే కోడ్ పాసైన పదకొండేళ్ళకి, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. ఇందులో నేరం చేయాల్సిన పని లేదు, పుడితే చాలు. ప్రభుత్వం ఒక తెగను నేరస్త జాతి అని ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. పేర్లు రిజిస్టర్ చేస్తారు, ఊరు దాటాలంటే పాసు కావాలి, హాజరు వేయించుకోవాలి. 1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. తెలుగు జిల్లాల్లో దాని బారిన బాగా పడ్డవాళ్ళు ఎరుకలవాళ్ళు.

ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళు? తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ళ నుంచి ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని తిరుగుతూ అమ్మేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం వచ్చింది. రైళ్ళు వచ్చాయి. అడవి మీద, బంజరు మీద ఆంక్షలు వచ్చాయి. బతుకుతెరువు పోయింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ మార్పును వివరంగా రాశారు. తిరుగుతూ వ్యాపారం చేసే జాతి, వ్యాపారం పోయాక వట్టినే తిరిగే జాతిగా మిగిలింది. వట్టినే తిరిగేవాణ్ణి పోలీసు ఎలా చూస్తాడో మనకి తెలుసు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతుల మీదుగా స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి. మనుషుల్ని అక్కడ పెట్టి, దగ్గర్లోని పొగాకు కంపెనీకి కూలికి పంపేవాళ్ళు.

దేశవ్యాప్తంగా ఈ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. కాగితం మీద విముక్త జాతులయ్యారు. మరి మన నోట్లో? చిన్నప్పుడు ఊళ్ళో ఎవరింట్లో దొంగలు పడ్డా పెద్దవాళ్ళ నోట మొదట వచ్చే మాట స్టూవర్టుపురం. ఎవరూ అక్కడికి వెళ్ళి చూసింది లేదు. సినిమాలూ నవలలూ ఆ పేరును వదల్లేదు. 1970ల్లో హేమలతా లవణం, జాషువా కూతురు, ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ సంగతి తెలిసిన వాళ్ళ కంటే ఆ ఊరి దొంగల పేర్లు తెలిసిన వాళ్ళే ఎక్కువ. చట్టం పుట్టించిన నేరాన్ని చట్టం రద్దు చేసినా భాష రద్దు చేయలేదు.

*

పుట్టుక నేరమైతే అది ఒక రకం. నిన్నటిదాకా చేస్తున్న పని తెల్లారేసరికి నేరమైతే అది ఇంకో రకం. దీనికి మన జిల్లాలోనే పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ ఉంది: రంప.

రాజమండ్రి నుంచి మన్యంలోకి వెళ్తే రంప, చోడవరం. అక్కడ కొండరెడ్లు, కోయలు జీలుగు కల్లు గీసుకుని తాగేవాళ్ళు. తాగుడు అంటే మనకి తోచే అర్థం కాదు. ఎండాకాలంలో తిండి తగ్గిపోయే నెలల్లో కల్లే సగం ఆహారం. రంప మన్సబుదారు ఎప్పటినుంచో కల్లు మీద చిగురుపన్ను అని వసూలు చేసేవాడు. 1870ల చివర్లో ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు బిగించి, ఇంటి వాడకానికి కూడా కల్లు గీయకూడదంది, కల్లు ఆదాయాన్ని కాంట్రాక్టర్లకి కౌలుకిచ్చింది. అంటే తన చెట్టు కింద తన కుండ పెట్టుకున్నవాడు నేరస్తుడయ్యాడు. దీనికి తోడు మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పులిచ్చి, వాళ్ళకి అర్థంకాని కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని, పశువుల్నీ పంటనీ తోలుకుపోయేవాళ్ళు. అది చట్టప్రకారం నేరం కాదు. కానిస్టేబుళ్ళ వసూళ్ళు వేరే.

1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. ముఠాదార్లు, వాళ్ళ వెంట జనం పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి నాయకులొచ్చారు. గొలుగొండకీ, రేకపల్లికీ పాకింది. మద్రాసు పదాతి దళాలు, సాపర్లు, హైదరాబాదు కంటింజెంటు సేన దిగాల్సొచ్చింది. 1880లో చంద్రయ్యా తమ్మన్నదొరా చనిపోయాక చల్లారింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏం చేసింది? మన్సబుదారుని తీసేసింది. ముఠాదార్లకి నేరుగా సనదులిచ్చింది. చిగురుపన్ను ఎత్తేసింది. అంటే వాళ్ళ మొర న్యాయమైనదేనని ఒప్పుకుంది, వాళ్ళని చంపిన తర్వాత. మళ్ళీ నలభై ఏళ్ళకి అదే మన్యంలో పోడు మీద, అడవి మీద ఆంక్షలతో అదే కథ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళాడు. ఏమేం తీసుకెళ్ళాడో రాసి పెట్టి మరీ వెళ్ళాడు. 1924 మే 7న పట్టుబడిన మనిషిని విచారణ లేకుండా కాల్చేశారు. పుస్తకాల్లో దొంగతనం ఎవరి ఖాతాలో పడింది, హత్య ఎవరి ఖాతాలో పడలేదు, చూడండి.

రికార్డుల్లో ఈ తిరుగుబాట్లకి వాడిన మాట పితూరీ. రంప పితూరీ. ఫార్సీ దారిలో వచ్చిన మాట, అల్లరి, కలహం అని అర్థం. ఇదే మాట తెలుగులో ఇంకో అర్థంలో బతికుంది. 'వాడి మీద వీడు పితూరీలు చెప్తాడు' అంటాం. అంటే ఫిర్యాదు. ఒకే మాటకి తిరుగుబాటు, ఫిర్యాదు అని రెండర్థాలు ఎలా కలిశాయో నాకు చాలాకాలం తట్టలేదు. రంప చరిత్ర చదివాక, అవి రెండర్థాలు కావేమో అనిపించింది. వింటే ఫిర్యాదు, వినకపోతే తిరుగుబాటు.

*

సాఫ్ట్‌వేర్ వాడికి ఏది కనపడినా టేబుల్ గీయాలనిపిస్తుంది. నేనూ గీశాను. రెండు అడ్డ వరసలు, రెండు నిలువు వరసలు. చట్టం నేరమంటుంది, అనదు. సమాజం నేరమంటుంది, అనదు. నాలుగు గళ్ళు.

మొదటి గడి సులువు: హత్య, దోపిడీ. చట్టమూ సమాజమూ ఇద్దరూ నేరమంటారు.

రెండో గడి: చట్టం ఒప్పుకుంది, సమాజం ఒప్పుకోలేదు. వితంతు వివాహాన్ని చట్టం అనుమతించింది 1856లో. పాతికేళ్ళ తర్వాత, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయిస్తుంటే, ఆ ఇంటి చుట్టూ పోలీసుల్ని పెట్టాల్సొచ్చింది. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి వెలి. పురోహితుడు దొరకడు, నీళ్ళు తెచ్చేవాళ్ళు దొరకరు, ఇంట్లో చావు జరిగితే మోసేవాళ్ళు దొరకరు. ఏ సెక్షన్లోనూ లేని నేరానికి ఏ సెక్షన్లోనూ లేని శిక్ష.

మూడో గడి: చట్టం నేరమంటుంది, సమాజం పండగంటుంది. దీనికి ప్రతి సంక్రాంతికీ భీమవరం చుట్టుపక్కలకి వస్తే చాలు. జంతుహింస నిరోధక చట్టం 1960 ఉంది, రాష్ట్ర జూద నిరోధక చట్టం 1974 ఉంది, హైకోర్టు ఉత్తర్వులున్నాయి. పండక్కి వారం ముందు పోలీసులు కోడికత్తులు స్వాధీనం చేసుకుంటారు, బైండోవర్ కేసులు పెడతారు. భోగి నాడు పొద్దున్నే బరులు లేస్తాయి. డేగ, కాకి, నెమలి, సేతు. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పక్కన గుండాట. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి కార్లు. ఆ కార్లలో నాదీ ఉంది, అబద్ధమెందుకు. మూడు రోజుల తర్వాత అందరం మళ్ళీ చట్టానికి కట్టుబడి బతుకుతాం.

రాజమండ్రిలోనే మాట కూడా నేరమైంది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చాక, వందేమాతరం అన్నందుకు కాలేజీ నుంచి వెళ్ళగొట్టిన విద్యార్థుల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయనే మరుసటి ఏడు బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపి, ఒక వ్యాసానికి రాజద్రోహం కింద జైలుకెళ్ళారు. కింది కోర్టు ఆరునెలలు వేస్తే హైకోర్టు మూడేళ్ళు చేసింది. ఇది కూడా మూడో గడే. ప్రభుత్వం నేరస్తుడంది, జనం ఆంధ్ర తిలక్ అన్నారు. కోడిపందెమూ స్వాతంత్ర్య పోరాటమూ ఒకే గడిలో పడ్డప్పుడే, నా టేబుల్ ఎందుకూ పనికిరాదని నాకు అర్థం కావలసింది.

నాలుగో గడి ఇంకా ఉంది: చట్టమూ నేరమనదు, సమాజమూ నేరమనదు. ఈ గడిని మొదట ఖాళీగా వదిలేశాను. ఎవరూ నేరమనకపోతే ఇంక అందులో ఏముంటుంది అనుకున్నాను. యానాం రేవులో దిగిన తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది.

*

రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడి మీద సవతితల్లి చిత్రాంగి నింద వేస్తే, రాజు విచారించకుండా కాళ్ళూ చేతులూ నరికించిన చోటు అని చెప్తారు. చరిత్రలో రాజరాజనరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు, 1070లో కులోత్తుంగ చోళుడిగా సింహాసనమెక్కినవాడు. సారంగధరుడు కథలోనే ఉన్నాడు. అయినా మన నాటకాలకి, సినిమాలకి ఈ కథ మీద తీరని మోజు. అందరం సారంగధరుడి కోసం ఏడుస్తాం. విచారణ లేని శిక్ష అన్యాయం కాబట్టి ఏడవాలి కూడా.

కానీ ఆ నాటకాల్లోనే ఇంకో సంగతి ఉంటుంది. చిత్రాంగికి ముందు చూపించింది యువరాజు చిత్రపటం. పెళ్ళి మాత్రం ముసలి రాజుతో, ఆయన కత్తితో జరిపించేస్తారు. ఆ మోసం మీద పితూరీ ఎవరికి చెప్పుకోవాలి? ఆమె నింద అబద్ధం, దానికి ఆమెను తిట్టుకుంటాం. ఆమె పెళ్ళి మాత్రం కథకి ముందుమాట, అంతే. నాలుగో గడి.

ఇక్కడ నాలో నేనే ఒక అభ్యంతరం లేవదీసుకున్నాను. నేరమనేది పాలకులు గీసిన గీతే అయితే, గీత మారితే నేరం మారిపోతే, శారదా చట్టం మాత్రం ఎందుకు గొప్ప? కల్లు గీయొద్దన్నదీ పరాయి ప్రభుత్వ చట్టమే, చిన్నపిల్లకి పెళ్ళి చేయొద్దన్నదీ అదే ప్రభుత్వం చేసిన చట్టమే. యానాం వెళ్ళిన మా వాళ్ళూ ఆచారం కోసమే వెళ్ళామంటారు, రంప వాళ్ళ లాగే.

తేడా ఏమిటంటే, దెబ్బ ఎవరికి తగిలింది అన్నది. రంపలో కొండరెడ్డి తన కల్లు తాను గీసుకుంటే కాంట్రాక్టరు ఆదాయానికి తప్ప ఎవరికీ దెబ్బ లేదు. యానాం పడవలో దెబ్బ తిన్న మనిషి ఉంది, ఆమె నోరు తెరిచే వయసులో లేదు. అలాగని ఇది ఒకసారి తేలిపోయే లెక్క కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. సారా అమ్మకం అప్పుడు చట్టబద్ధం, ప్రభుత్వానికి ఆదాయం. మొగుడు కూలి డబ్బులు తాగి వచ్చి కొడితే దెబ్బ తిన్నది వాళ్ళు, పితూరీ చెప్పింది వాళ్ళు. 1879లో మందు మీద ఆంక్ష అన్యాయం, 1992లో మందు అమ్మకం అన్యాయం. నాకు ఇందులో వైరుధ్యం కనపడట్లేదు. రెండు చోట్లా దెబ్బ తిన్నవాళ్ళ మాటే కొలత. ఆ తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. మధ్యలో యానానికి మళ్ళీ గిరాకీ వచ్చింది, ఈసారి సీసాల కోసం. గౌతమి ఒడ్డున ఉన్న ఊరికి మన ప్రతి చట్టమూ ఒక వ్యాపారమే.

*

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత, తాతమ్మ చెప్పినవన్నీ గుర్తు చేసుకుని వయసులు వేసుకుంటూ వచ్చాను. ఆవిడ పోయేనాటికి నేను ఇంజనీరింగు మొదటి ఏడాదిలో ఉన్నాను. పెళ్ళి గురించి ఆవిడ చెప్పింది తక్కువ. పడవలో నిద్రపోయిందట. ఎవరో భుజాన వేసుకుని దింపారట. గాజులు చేతికి పెద్దవై జారిపోతుంటే నూలు చుట్టి కట్టారట. ఇంతే. కాపురానికి పంపింది పదమూడు దాటాక. మొదటి కానుపు పద్నాలుగో ఏట, ఆ బిడ్డ దక్కలేదు.

పదమూడు దగ్గర నేను ఆగిపోయాను. 1860 పీనల్ కోడ్‌లో భార్యకి పదేళ్ళు నిండితే భర్త చేసింది బలాత్కారం కాదు. 1891లో దాన్ని 12 చేశారు. 1925లో 13. అంటే మా తాతమ్మని పంపిన రోజుకి చట్టం లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ వయసు పద్దెనిమిదికి చేరడానికి 2017లో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సొచ్చింది. 2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 511 సెక్షన్లు 358 అయ్యాయి. పద్దెనిమిది దాటిన భార్య విషయంలో పాత మినహాయింపు మాత్రం కొత్త పుస్తకంలోకి నడిచి వచ్చేసింది. నాలుగో గడి ఇంకా ఖాళీ కాలేదు.

మా ముత్తాత నేరస్తుడా? పడవలు మాట్లాడిన వాళ్ళ నాన్న నేరస్తుడా? ఇంట్లో ఎవరినడిగినా 'అప్పటి కాలం అలాంటిది' అంటారు. నిజమే. కానీ కాలం అలాంటిదైతే పడవ ఎందుకు? తప్పని తెలియనివాడు ఊళ్ళోనే పందిరి వేస్తాడు. ఏరు దాటినవాడికి అవతలి గట్టున ఎందుకున్నాడో తెలుసు. తెలియనితనం అనే పాత అర్థంలో కూడా వాళ్ళని వదిలేయడానికి నాకు వీల్లేకుండా పోయింది. అలాగని వాళ్ళని బోనులో నిలబెట్టే హక్కు, బరి పక్కన కారు ఆపే నాకు ఉందనీ అనుకోను.

తాతమ్మ ఎప్పుడూ పితూరీ చెప్పలేదు అని రాద్దామనుకున్నాను. అప్పుడు అమ్మ ఒక సంగతి చెప్పింది. అమ్మ డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా సంబంధం వచ్చిందట. పెద్దవాళ్ళందరూ కూర్చుని కట్నం, ముహూర్తం మాట్లాడుకుంటున్నారట. గదిలో మంచం మీద పడుకుని ఉన్న తాతమ్మ అక్కణ్ణుంచే గట్టిగా అడిగిందట.

"దాన్నడిగారా?"

ఎవరూ అడగలేదట. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.